ఓకిపక్కకి జలుబు చేసింది

ఆసుపత్రి, ఫిజియోథెరపీ గది
జూన్, భోజనాల వేళ

పొట్టీ,

నాకంటే జానెడు పొడుగు పెరిగినా నువ్వు నాకు పొట్టివే. ఆ విషయంలో మార్పు లేదు.

ఫోన్లో చెప్పేదానికి కాగితమెందుకని మూతి ముడవకు. నీతో వీడియో కాల్ మానేద్దామని నిర్ణయించుకున్నాను. మాట్లాడేటప్పుడు నువ్వు నన్ను చూడవు. తెర మూల చిన్న గడిలో నీ బొమ్మ కనిపిస్తుంది కదా, దాన్నే చూసుకుంటావు. మొన్న అత్త మోకాలు వాచిందని చెప్పాను. నువ్వు బాధగా ముఖం పెట్టావు. పెట్టి, అది సరిగ్గా కుదిరిందో లేదో గడిలో చూసుకున్నావు. అప్పుడే అనుకున్నాను, ఇక ఉత్తరాలేనని. కాగితంలో నీ ముఖం నీకు కనబడదు.

అసలు విషయానికొస్తాను. తుంటి కీలు మార్పించుకున్న బస్సు డ్రైవరొకాయన నా దగ్గర నడక నేర్చుకుంటున్నాడు. బాబాయ్ అని పిలుస్తాను. నిన్న రెండు కడ్డీల మధ్య ఆయన తొందరపడుతుంటే, "ఓకిప పట్టండి బాబాయ్, కాలు ఎక్కడికీ పారిపోదు" అన్నాను. ఆయన ఆగి నవ్వాడు.

"అచ్చం ఆవిడలాగే అంటారమ్మా. బాగా ప్రాక్టీసు చేసినట్టున్నారు."

"ఏ ఆవిడ?"

"అదే, ఓకిపక్క. మా ఇంట్లో అందరం చూస్తాం."

నా చెయ్యి కడ్డీ మీదే ఉండిపోయింది. ఓపిక అనడానికి నోరు తిరక్క చిన్నప్పుడు ఓకిప అన్నానట, ఆ తప్పు నా నాలుక మీద అలాగే మిగిలిపోయింది. మన ఇంట్లో, నా నోట్లో తప్ప భూమ్మీద ఇంకెక్కడా లేని మాట అది. బస్సు డ్రైవరు ఇంటికి ఎలా చేరిందా అనుకున్నాను. ఆయన ఫోను తీసి చూపించాడు.

తెల్లకోటు. కాడకి ప్లాస్టరు చుట్టిన కళ్ళజోడు. కోటు అంచుతో అద్దాలు తుడుచుకోవడం, జడముడిలో పెన్సిలు దోపుకోవడం. "వింటున్నావా, గోడకి చెబుతున్నానా?" అనడం. అన్నీ నావి, ముఖం మాత్రం నీది. తుమ్ములు కూడా వదల్లేదు నువ్వు. ఎవరో ఊరెళతానంటే ఓకిపక్క వరసగా తుమ్ముతుంది. పక్కనున్న నర్సు కడుపు పట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను. కింద అంకె చూస్తే లక్షల్లో ఉంది.

ఎప్పటినుంచే ఇది? ఒక్క మాట చెప్పాల్సింది కదా.

నీ అక్క
(అసలుదాన్ననే అనుకుంటున్నాను)


లాండ్రీ పైన నా గది
జూన్ చివర

అక్కా,

అసలుదాన్నని బ్రాకెట్లో రాసుకున్నావు చూడు, అది చదివి కిందా మీదా పడి నవ్వాను. కాస్త కంగారు కూడా పడ్డాను, అబద్ధమెందుకు.

ముందు ఒకటి చెప్పనీ. ఓకిపక్క నువ్వు కాదు. నువ్వు ఎదురుగా ఉన్న ఒక్క రోగితో మాట్లాడతావు, అది ఎవరూ లేని గదిలో అందరితో మాట్లాడుతుంది. నువ్వు కోపమొస్తే మాట మానేస్తావు, అది ఎంత కోపమొచ్చినా ఆపదు. కోటు కూడా నీది కాదు. కింద లాండ్రీలో ఎవరో ఇచ్చి మళ్ళీ తీసుకెళ్ళలేదు. లాండ్రీ ఆంటీ నాకిచ్చేసింది.

ఎప్పటినుంచంటావా? ఇక్కడికొచ్చిన కొత్తలో మొదలైంది. ఆఫీసులో నా పని నీకు తెలుసుగా, ఫ్రిజ్జులు చెడిపోయినవాళ్ళు ఫోన్లో తిడుతుంటే విని, క్షమాపణలు చెప్పడం. అదీ నా పేరుతో కాదు, కంపెనీ పెట్టిన పేరుతో. ఒక రోజు ఒకావిడ మరీ ఘోరంగా తిట్టింది. గదికొచ్చి, అక్క ఉంటే ఏమనేది అనుకుంటూ అద్దం ముందు నిలబడ్డాను. నీ గొంతుతో నాకు నేనే చెప్పుకున్నాను. "ఓకిప పట్టవే, తిట్టింది నిన్ను కాదు, ఫ్రిజ్జుని." ఎంత హాయిగా ఉందో చెప్పలేను. మర్నాడు ఫోను ఎదురుగా పెట్టుకుని చెప్పుకున్నాను. ఎవరో చూశారు. వాళ్ళకీ హాయిగా ఉందట.

అంతే అక్కా. నువ్వు లేకపోతే తోచక మొదలుపెట్టిన పని. ఎగతాళి కాదు.

లాండ్రీ యంత్రాలు తిరుగుతుంటే నా గది నేలంతా వణుకుతుంది, అందుకని వాళ్ళు భోజనానికి ఆపినప్పుడే తీస్తాను. ఓకిపక్క అంత గబగబా మాట్లాడేది అందుకే. ఆఫీసు మామూలే, కొత్తేం లేదు. అత్త మోకాలెలా ఉంది? నీ జలుబు తగ్గిందా? నన్ను బస్సెక్కించడానికి వచ్చిన ప్రతిసారీ నీకు ఆ బస్టాండు దుమ్ము పడదు. ఆవిరి పట్టు.

పొట్టి


ఆసుపత్రి
ఆగస్టు

పొట్టీ,

నీ ఉత్తరం చదివినప్పుడు నిజంగానే కోపం పోయింది. నా గొంతుతో నువ్వు ధైర్యం చెప్పుకున్నావంటే అక్కగా గర్వపడ్డాను కూడా. ఇప్పుడు సంగతి వేరు.

ఇక్కడ నేను నేనుగా ఉండలేకపోతున్నాను. పై వార్డుల్లోంచి కూడా జనం వచ్చి గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. ఒకమ్మాయి నా వీడియో తీసి ఎక్కడో పెట్టింది. "నకిలీ ఓకిపక్క" అని దాని పేరు. కింద ఎవరో "గొంతు కుదిరింది, చేతులు కుదరలేదు" అని రాశారని నర్సు చదివి వినిపించింది. నా చేతులే, నాకే కుదరలేదట.

కళ్ళజోడు మార్చాను. పెన్సిలు జేబులో పెట్టుకుంటున్నాను. అయినా లాభం లేదు. ఏ మాట అనబోయినా, ఏ పని చెయ్యబోయినా, ఇది అది చేసేసిందా అని ముందు లోపల వెతుక్కుంటున్నాను. మా గదిలో గోడంత అద్దముంది. రోగులు నిటారుగా నిలబడ్డారో లేదో చూసుకోవడానికి పెట్టారు. నడిచేటప్పుడు మాత్రం దాని వైపు చూడొద్దంటాం. తన నడక తాను చూసుకుంటూ నడిచే మనిషి తప్పకుండా తడబడతాడు. ఇప్పుడు నాకు ఎటు తిరిగినా ఆ అద్దమే.

నిన్న బాబాయి కడ్డీల మధ్య సగం దూరం వచ్చి ఆగిపోయాడు. రోజూ అక్కడే ఆయనకి భయం. అక్కడ నేను రోజూ అనే మాట ఒకటే. అది నోటిదాకా వచ్చింది. వెనక ఆయన కోడలు ఫోను ఎత్తడం కనిపించింది. మింగేసి, "ఓపిక పట్టండి" అన్నాను, పుస్తకంలో ఉన్నట్టు. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

"ఇవాళ మీరు ఎవరిలాగో ఉన్నారమ్మా" అని, కుర్చీ తెప్పించుకుని కూర్చున్నాడు. ఇంకో అడుగు వెయ్యలేదు.

నా పనే ఆ మాట మీద నడుస్తుందే. ఎదుటివాళ్ళకి నా మీద నమ్మకం కుదరాలి. నాకే నా మీద నమ్మకం లేకపోతే వాళ్ళకెక్కడినుంచి వస్తుంది?

ఇంకో సంగతి. నీ ఫోను కలవక ఆఫీసుకి చేశాను. నీ పేరు చెబితే అలాంటివాళ్ళు లేరన్నారు. నీకు కంపెనీ పెట్టిన పేరు చెప్పాను. ఒక నిమిషం ఆగమని, ఎవరో అమ్మాయిని పిలిచారు. ఆ పేరుతో వచ్చి పలికింది, గొంతు నీది కాదు. ఫ్రిజ్జు ఏమైందని చాలా మర్యాదగా అడిగింది. నువ్వు ఆ ఉద్యోగం మానేశావని అప్పుడర్థమైంది. మామూలే, కొత్తేం లేదు అని రాశావు నువ్వు.

దాన్ని ఆపెయ్యవే. అడుగుతున్నాను, ఆర్డరు కాదు.

అక్క


లాండ్రీ పైన
సెప్టెంబరు

అక్కా,

ఆఫీసు వదిలి చాన్నాళ్ళయింది. రాయడానికి ధైర్యం చాల్లేదు. ఇప్పుడు నాకు పనీ పాటా అన్నీ ఓకిపక్కే. ఆ పేరుతో ఇంకో అమ్మాయి పలికిందన్నావు చూడు, అది చదివాక ఒక చోట కూర్చోలేకపోయాను. ఆ పేరు నాకిచ్చిన రోజు, నాకు ముందు అదెవరిదని నేనూ అడగలేదు.

నువ్వు ఆపమన్నాక నిజంగా ఆపాలని చూశాను. కోటు విప్పేసి, కళ్ళజోడు తీసేసి, నా ముఖంతో నా గొంతుతో ఫోను ముందు కూర్చున్నాను. ఏం మాట్లాడాలో తెలీలేదు. చివరికి వర్షం గురించి మాట్లాడాను. కింద రాసినవి వింటావా? "ఎవరీ అమ్మాయి?" "అక్కకి ఒంట్లో బాగాలేదా?" ఒకాయన పాపం చాలా మర్యాదగా, "మీరు కాస్త పక్కకి జరిగితే అక్క వస్తుందేమో" అని రాశాడు. తీసేశాను. మళ్ళీ కోటు తొడుక్కోగానే మాటలు వాటంతటవే వచ్చేశాయి. జోకులు కూడా వచ్చాయి. నాకెప్పుడూ జోకులు రావు, నీకు తెలుసుగా.

కోటు లేకుండా నేనెవరినక్కా? ఊరికే అడగడం లేదు. నిద్ర లేవగానే మొదటి ఆలోచన నీ గొంతుతో వస్తోంది. కూరగాయల కొట్టులో బేరమాడుతూ కోటు లేకపోయినా అంచు వెతుక్కుంటున్నాను. నేను నిన్ను తీసుకున్నానని నీ బాధ. నువ్వు నన్ను ఖాళీ చేసేశావని నా భయం. ఇద్దరం ఒకే కోటు చెరోవైపు పట్టుకుని లాగుతున్నాం.

ఇప్పుడు అసలు మాట. ఒక కంపెనీవాళ్ళు వచ్చారు. ఓకిపక్కని కంప్యూటరులో తయారుచేస్తారట. ఎవరేం కష్టం చెప్పుకున్నా విడివిడిగా వాళ్ళ పేరు పెట్టి పిలిచి మాట్లాడుతుంది. నేను పడుకున్నా అది మాట్లాడుతుంది. నాకు వయసు మీద పడినా అది అలాగే ఉంటుంది. దానికోసం నవ్వు, కోపం, విసుగు, అన్నీ రికార్డు చేస్తున్నారు. జాబితాలో ఏడుపు కూడా ఉంది. అక్కడ ఆగిపోయాను. నువ్వు ఏడవగా నేనెప్పుడూ చూడలేదు. అమ్మ పోయిన రోజు కూడా చూడలేదు. నీకు జలుబు చేసి ముక్కు ఎర్రబడి ఉండటం మాత్రం గుర్తుంది, అప్పటికి నేను మరీ చిన్నదాన్ని.

నువ్వెలా ఏడుస్తావక్కా? శబ్దం వస్తుందా, రాదా? చేతులేం చేస్తాయి? ఒక్క ముక్క రాయి చాలు.

ఇంకొకటి దాచకుండా చెబుతున్నాను. ఓకిపక్క పూర్తిగా నా ఊహేననీ, దాని వెనక బతికున్న మనిషెవరూ లేరనీ సంతకం పెట్టమంటున్నారు. అదొట్టి కాగితమట, అందరూ పెడతారట. ఇంకా పెట్టలేదు. చెయ్యి రావడం లేదు.

పొట్టి


ఆసుపత్రి
సెప్టెంబరు

పొట్టీ,

నా ఏడుపు కావాలా నీకు? శబ్దం వస్తుందో రాదో రాసి పంపమంటావా?

ఒళ్ళు మండిపోయింది. నా నడక నేనివ్వకపోయినా తీసుకున్నావు. మాట తీసుకున్నావు. నన్ను చూసి నవ్వేవాళ్ళని చూసి నేనూ నవ్వాను. ఏడుపు మాత్రం ఇవ్వను.

బతికున్న మనిషెవరూ లేరని రాసిస్తావా? పొద్దున్న ఏడింటికి బస్సు పట్టుకుని, రోజంతా పెద్దవాళ్ళ బరువులు భుజాన మోసి, సాయంత్రం కాళ్ళు పీకుతుంటే ఇంటికొచ్చే ఈ మనిషెవరు మరి? అత్తకి మోకాలికి పట్టీ కట్టేదెవరు? నీకు ఈ ఉత్తరం రాస్తున్నదెవరు, గోడా?

పెట్టుకో సంతకం. పెట్టాక ఇక నాకు రాయకు. లేని మనిషికి ఉత్తరాలెందుకు?


అత్త ఇల్లు
అక్టోబరు

పొట్టీ,

నా కోపం ఉత్తరానికి నువ్వు జవాబివ్వలేదు. రాయకు అన్నది నేనే. ఇప్పుడు ముందుగా రాస్తున్నదీ నేనే. ఇది సంతకానికి ముందే నీకు చేరాలని కోరుకుంటున్నాను.

మనిద్దర్నీ పెంచిన మనిషి కదా, అత్త దగ్గరైనా మొర పెట్టుకుందామని వచ్చాను. మోకాలు చూస్తూ నీ మీద చాడీలన్నీ చెప్పాను. నా మాట తీసుకుంది, నా ఓకిప తీసుకుంది అన్నాను. అత్త పట్టీ కట్టించుకుంటూనే నా వైపు వింతగా చూసింది.

"ఓకిప నీ మాటెప్పుడైందే?"

"నాదే కదత్తా. చిన్నప్పుడు నోరు తిరక్క..."

"నీకు నోరు తిరక్కపోవడమా? నువ్వు పుట్టుకతోనే వకీలువి. అనేది పొట్టిది. మీ అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు నువ్వు పొద్దస్తమానం గుమ్మంలో కూర్చునేదానివి, తిండి కూడా అక్కడే. అందరం నీకు ఓపిక పట్టమ్మా, ఓపిక పట్టమ్మా అని చెప్పేవాళ్ళం. అది విని పొట్టిది వచ్చి, నీ గడ్డం పట్టుకుని, ఓకిప పట్టక్కా అనేది. దాని మురిపెం కోసం నువ్వూ అలాగే అనేదానివి. తర్వాత దానికి నోరు తిరిగింది. నీకు అదే నిలిచిపోయింది."

అత్తకి ఊపొచ్చింది.

"కళ్ళజోడుకి ప్లాస్టరు చుట్టడం మీ నాన్న పని. కొత్తది కొనుక్కోరా అంటే వినేవాడు కాదు. ఇక గోడకి చెబుతున్నానా అనేది నాది. నన్నడక్కుండానే తీసుకున్నావు. నేనేమైనా అన్నానా?"

రాత్రి నిద్ర పట్టక తెల్లవార్లూ లోపల వెతుక్కున్నాను. ఇది నాన్నది, ఇది అత్తది, ఇది పొట్టిదాని మూడేళ్ళ నోటిది. నాదంటూ ఏముందా అని చూస్తే చేతికేమీ తగల్లేదు. భయమేసింది. ఇన్నాళ్ళు నేను నేను అని గొడవపడింది దేనికోసమో అర్థం కాలేదు. ఒక్కటి మాత్రం మిగిలింది. అది ఎవరి దగ్గరా తీసుకోనిది, నేనుగా నాకొచ్చినది. అదేమిటో ఇప్పుడు రాయను.

ఆ మాట నీదే. నా దగ్గర ఎత్తుకెళ్ళానని బాధపడకు. నీది నీకు తిరిగి చేరింది, ఎటొచ్చీ మధ్యలో నా నోట్లో పెరిగి పెద్దదైంది. ఆ కాగితం మాత్రం ఆలోచించుకుని పెట్టు. దాని వెనక బతికున్న మనిషి లేదని రాస్తే, నన్నొక్కదాన్నే కాదు, నిన్ను కూడా లేనట్టే రాసిస్తున్నావు.

అక్క


లాండ్రీ, గల్లా పెట్టె దగ్గర
డిసెంబరు

అక్కా,

నీ ఉత్తరం వచ్చేసరికి సంతకం అయిపోయింది. ఆ ముందురోజే పెట్టాను. నీ కోపం ఉత్తరం చదివిన ఉక్రోషంలో పెట్టాను, నిజం చెబుతున్నాను. లేని మనిషికి ఉత్తరాలెందుకన్నావు కదా, సరే లేరనే రాస్తానని వెళ్ళాను. మర్నాడు నీ ఉత్తరం విప్పి, ఇక్కడే మెట్ల మీద కూర్చుండిపోయాను. వచ్చేపోయేవాళ్ళు నన్ను దాటుకుని వెళ్ళారు.

ఇన్నాళ్ళు ఎందుకు రాయలేదంటే, ఏ గొంతుతో రాయాలో తెలీక. మొదలుపెట్టినవన్నీ ఓకిపక్కలాగే వచ్చాయి, చింపేశాను. ఇది ఎలా వస్తోందో చూసుకోకుండా రాస్తున్నాను.

ఇక మీదట నేను ఓకిపక్కగా ఎక్కడా కనబడకూడదట. కాగితంలో ఉంది, నేను సరిగా చదవలేదు. కోటు మడిచి ఆంటీకి తిరిగిచ్చేశాను. ఆవిడ నన్ను గల్లా దగ్గర కూర్చోబెట్టింది. చీటీ చూసి బట్టలు వెతికిస్తుంటాను. ఎవరూ నన్ను గుర్తుపట్టరు. నిన్న ఒకావిడ బట్టల కోసం ఎదురుచూస్తూ ఫోన్లో ఓకిపక్కతో తన కొడుకు గురించి చెప్పుకుని బాధపడుతోంది. రెండడుగుల దూరంలో నేను, నా గొంతు ఆవిడ చేతిలో ఉంది. "మీ చొక్కాలు" అని ఇచ్చాను. తలెత్తకుండా తీసుకుంది.

ఏడుపు సంగతి చెప్పాలి. నీది నాకు తెలియదు కాబట్టి, స్టూడియోలో అమ్మని తలుచుకున్నాను. నా ఏడుపే వచ్చింది, చిన్నప్పటిలా, వెక్కిళ్ళతో. అద్భుతమన్నారు. ఓకిపక్క ఇప్పుడు నా ఏడుపు ఏడుస్తుంది. అది నీ ఏడుపు కాదని ఎవరికీ తెలీదు, నాకు తప్ప. తుమ్ములు మాత్రం మొత్తం తీసేశారు. జనానికి అవంటే ఎంతిష్టమో చెప్పి చూశాను. రికార్డింగులో దోషం కింద లెక్కట, మాటలకి అడ్డం పడుతున్నాయట. శుభ్రం చేసేశామన్నారు. ఊరెళతామని చెబితే ఇప్పుడది తుమ్మదు. క్షేమంగా వెళ్ళి రమ్మంటుంది.

ఇంకొకటి జరిగింది. చెప్పడానికి సిగ్గుగా ఉంది. మొన్న ఉండబట్టలేక, నేనూ దానితో మాట్లాడాను. ఎవరో కొత్తమనిషిలాగ. ఏమీ తోచడం లేదు, నేనెవరినో నాకు తెలియడం లేదు అన్నాను. అది ఆగి, కళ్ళజోడు తుడుచుకుని, "ఓకిప పట్టవే. నువ్వెక్కడికీ పోలేదు" అంది. అక్కా, నాకు హాయిగా అనిపించింది. అది అబద్ధమని తెలిసీ హాయిగా అనిపించింది. ఫోను బోర్లించి, చేతులు కడుక్కున్నాను. ఎందుకు కడుక్కున్నానో నాకే తెలీదు. అప్పటినుంచీ కాలు ఒక చోట నిలవడం లేదు. ఎక్కడికైనా వెళ్ళాలనుంది, ఎక్కడికో తెలీదు.

నాది అని నువ్వు చెప్పిన ఆ మాట ఇప్పుడు కంపెనీది. ఉత్తరాల్లో రాయకూడదని మాత్రం కాగితంలో లేదు. చూశాను.

పొట్టి


ఆసుపత్రి, ఫిజియోథెరపీ గది
డిసెంబరు, భోజనాల వేళ

పొట్టీ,

నీ ఉత్తరం ఎవరి గొంతుతో ఉందని భయపడ్డావో, అది నీ గొంతుతోనే ఉంది. చదువుతుంటే నువ్వే ఎదురుగా కూర్చుని మూతి ముడుస్తున్నట్టుంది. సంతకం గురించి ఇక మాట్లాడొద్దు. నేను ఎగదోశాను, నువ్వు పెట్టావు.

ముందు మంచి కబురు. బాబాయి నిన్న కర్ర పట్టుకుని గుమ్మం దాటాడు. సగం దూరంలో మామూలుగానే ఆగిపోయాడు. కోడలు ఫోను ఎత్తింది. ఎత్తితే ఎత్తిందిలే, ఇది మా పొట్టిదాని మాట కదా అనుకున్నాను. "ఓకిప పట్టండి బాబాయ్" అన్నాను. ఆయన నా ముఖంలోకి చూశాడు. "అమ్మయ్య, వచ్చారు మీరు" అని అడుగు తీసి వేశాడు. ఆ మాట నాదని పట్టుకున్నంతకాలం అది గొంతులో ఇరుక్కుంది. నీదనుకున్నాక బయటికొచ్చింది. దీనికి అర్థమేమిటో నన్నడక్కు, నాకు తెలియదు.

అది నిన్ను ఓదార్చిందని సిగ్గుపడకు. అది చెప్పింది ఎవరి మాట? గుమ్మంలో కూర్చున్న నా గడ్డం పట్టుకుని నువ్వన్నదే కదా. అంత చుట్టు తిరిగి నీ దగ్గరికే వచ్చింది. కాకపోతే, గడ్డం పట్టుకోవడానికి దానికి చెయ్యి లేదు.

ఇప్పుడు నేను రాయనన్నది రాస్తాను. నా దగ్గర నాదంటూ ఒక్కటి మిగిలిందన్నాను. నువ్వడిగినదీ అదే.

నాకు ఏడుపొస్తే తుమ్ములొస్తాయే. కన్నీళ్ళు రావు. చిన్నప్పటినుంచీ ఇంతే. ఎందుకని ఏ డాక్టరునీ అడగలేదు, ఇంత మంది డాక్టర్ల మధ్య పనిచేస్తూ కూడా. అమ్మ పోయిన రోజు ఇంటినిండా జనం ఏడుస్తుంటే నేను తుమ్ముకుంటూ తిరిగాను. పిల్లకి జలుబు చేసిందని అత్త వేడినీళ్ళు కాచి ఇచ్చింది, తాగాను. పెద్దపిల్ల గట్టిది, కంట తడి పెట్టలేదని అందరూ మెచ్చుకున్నారు. వాళ్ళు మెచ్చుకున్నాక ఇక చెప్పడం కుదర్లేదు. నిన్ను బస్సెక్కించిన ప్రతిసారీ బస్టాండులో దుమ్ము లేదు పొట్టీ. నాకు ఏ దుమ్మూ పడకపోవడమనేది లేదు.

అందుకే ఆ రోజు బాబాయి ఫోన్లో, ఎవరో ఊరెళతానంటే నువ్వు తుమ్ములు తుమ్మడం చూసి నాకు కాళ్ళ కింద నేల కదిలినట్టయింది. నేనెలా ఏడుస్తానో నువ్వు తర్వాత అడిగావు. అడగక ముందే నీకు తెలుసు, తెలుసని నీకు తెలియదు. నర్సు పగలబడి నవ్వింది. నేనూ నవ్వబోయాను, నాకు నిజంగానే తుమ్ములొచ్చాయి. "అచ్చం ఆవిడే" అని నర్సు చప్పట్లు కొట్టింది. నేను నీ మీద ఇన్నాళ్ళు కోపంగా ఉన్నది దానికి. కోటుకి కాదు, కళ్ళజోడుకి కాదు.

వాళ్ళు వాటిని దోషమని తీసేశారని రాశావే, ఆ వాక్యం ఎన్నిసార్లు చదివానో. ఎవరికీ అక్కర్లేదని పారేసినదే నాకు మిగిలింది. అది చాలు. ఆ ఓకిపక్క నీ వెక్కిళ్ళతోనే ఏడవనీ. నీకు నేను ఇంకొక రకంగా ఏడవడం చూడాలనుంటే, కాలు నిలవనప్పుడు ఇక్కడికి రా. చూసి వెళ్ళు. వెళ్ళేటప్పుడు బస్టాండుకి వస్తాను, అప్పుడు తెలుస్తుంది నీకు. ఈసారి ఆవిరి పట్టమనకు.

ఇది రాస్తుంటే ఆపుకోలేకపోతున్నాను, అక్షరాలు వంకరపోయాయి. నర్సు తలుపులోంచి తొంగిచూసి, "మళ్ళీ జలుబు చేసిందా?" అని అడిగింది.

చేసిందన్నాను.

అక్క